మా చెల్లె స్టాఫ్

పటాన్‌చెరు,
14 జూన్ 1987.

అక్కా,

ఇన్నాళ్లు జాబు రాయలేదని కోపం పెట్టుకోకు. నాకు ఉద్యోగం వచ్చింది. గడ్డపోతారంలో కొత్తగా పెట్టిన మందుల కంపెనీ. టైపు లోయర్ పాసైన సర్టిఫికెట్ చూశారు, ఒక పేజీ కొట్టించారు, మర్నాడే రమ్మన్నారు. పటాన్‌చెరులో పెద్దమ్మ ఇంట్లో ఉంటున్నాను. పొద్దున రోడ్డు మీదికి బస్సు వస్తుంది. దాని అద్దం మీద ‘స్టాఫ్’ అని రాసి ఉంటుంది.

ఈ మాట ఇక్కడ చాలా పెద్దది అక్కా. స్టాఫ్‌కు గేటు వేరు, వర్కర్లకు వేరు. మాకు టీ కప్పులో, వాళ్లకు గ్లాసులో. వాళ్లను నంబరు పెట్టి పిలుస్తారు, మమ్మల్ని పేరు పెట్టి, పక్కన ‘గారు’ కూడా. మొదటిరోజు క్యాంటీన్ దగ్గర మన కొండాపూర్ దిక్కు మనిషి కనబడితే పలకరించాను. మేనేజర్ పిలిచి, “చూడమ్మా, నువ్వు స్టాఫ్‌వి. వర్కర్లతో ముచ్చట్లు పెట్టుకోకు” అన్నారు. లోపల మందు వండే వాసన మాత్రం మా గదిలోకీ వస్తుంది. దానికి ఎవరు స్టాఫో తెలియదు.

నాయన చూడడానికి వచ్చాడు. “ఏం నౌకరి బిడ్డా?” అన్నాడు. “స్టాఫ్ నాయనా” అన్నాను. “సర్కారుదా?” “కాదు, కంపెనీది.” “ఏదైతేంది, స్టాఫ్ గద!” అని రుమాలు సర్దుకొని సంబరంగా బస్సెక్కాడు.

బావకు నమస్తే చెప్పు. పిల్లలకు ముద్దులు.
కౌసల్య


బెల్లంపల్లి,
2 జులై 1987.

చెల్లె కౌసల్యకు,

నీ జాబు మీ బావ గని నుంచి వచ్చినంక సదివి వినిపించిండు. మల్ల నేను సదువుకున్న. మా క్వార్టర్ల లైన్ల అందరికి చెప్పిన, మా చెల్లె స్టాఫ్ అయిందని. పక్కింటి ఎంకమ్మ నమ్మలే. సూదంటే నువ్వు గడ్డివాము ఎనుక దాక్కునేదానివని నేనే ఎన్నడో చెప్పిన, అది యాదుంచుకున్నది. గా భయం ఎట్ల పోయింది నీకు? నెత్తురు చూస్తె కండ్లు తిరుగుతలేవా?

తెల్లచీర కట్టుకొని, నెత్తి మీద టోపీ పెట్టుకొని ఒక ఫోటో దిగి పంపు. గోడకు పెడ్త.

మీ బావకు గనిల వంగి వంగి నడుం పట్టింది. ఈడ దవాఖానల ఒక్కటే గోలీ, ఏ నొప్పికైనా. నడుముకు ఏ సూది మంచిదో రాయి. మందుల కంపెనీలనే నర్సువు అయితివి, నీకు తెల్వకుంటె ఎవ్వరికి తెలుస్తది?

అన్నం మాడిన వాసనొస్తుంది. ఇగ ఉంట.
నీ అక్క నాగేశ్వరి


పటాన్‌చెరు,
8 నవంబర్ 1987.

అక్కా,

నేను నర్సును కాను. టైపు కొడతాను. స్టాఫ్ అంటే ఆఫీసులో కూర్చొని పనిచేసేవాళ్లు. నువ్వొక్కదానివే పొరపాటు పడితే నవ్వి ఊరుకునేదాన్ని. మన ఊరంతా పడింది. మన దిక్కు ఈ మాట సంగారెడ్డి దవాఖానలో తప్ప ఎక్కడా వినబడలేదు కదా! స్టాఫ్ అంటే వాళ్లకు స్టాఫ్ నర్సే. దసరాకు ఊరికి పోతే పక్కింటి సంగమ్మ మనవణ్ణి ఎత్తుకొని వచ్చింది, పిల్లోనికి జరం, చూడు బిడ్డా అని.

అది కూడా పోనీ. గుమ్మడిదల నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు అంజయ్య. వాళ్లకు భూమి ఉంది, అయినా ఇతను మా కంపెనీలోనే ఆపరేటర్. మందు వండే పెద్ద డేగిసాల్లాంటివి ఉంటాయి, వాటి దగ్గర పని. వాళ్లమ్మ మొగులమ్మ పిల్లను చూడడానికి వచ్చి నా ముందు చేయి చాపింది. గాజులు చూపిస్తుందేమో అనుకున్నాను. నాడి చూడమంది! ఏం చేయాలో తోచక చేయి పట్టుకొని కూర్చున్నాను. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. “మంచిగ కొట్టుకుంటుంది” అన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. సంబంధం ఖాయమైంది.

నాయనను పక్కకు పిలిచి చెబితే, “లగ్గం అయ్యేదాక నోరు మూసుకో” అన్నాడు. మరి ఆ అబ్బాయికి నేను టైపిస్టునని తెలుసు, రోజూ చూస్తాడు. మొన్న గేటు బయట ఆగి, మేనేజర్ కిటికీ దిక్కు ఒకసారి చూసి, గబగబా అన్నాడు: “మా అవ్వకు మోకాళ్ల నొప్పులు. ఇంట్ల నర్సు ఉంటదని ఖుషీగుంది. జెర ఆగు, నేనే మెల్లగ చెప్త.” మెల్లగా అంటే ఎప్పుడో చెప్పలేదు. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు. కానీ అబద్ధం మీద పెళ్లేమిటక్కా? నువ్వే ఏదన్నా దారి చెప్పు.

కౌసల్య


బెల్లంపల్లి,
25 నవంబర్ 1987.

చెల్లె,

దారి చెప్పుడు ఎందుకు, పనే చేసేసిన. మొగులమ్మ అత్తకు నేనే కార్డు రాసిన. “మా కౌసల్య నర్సు కాదు, తప్పుగ అనుకోకుండ్రి, కంపెనీల స్టాఫ్, ఆఫీసుల ఉంటది” అని సాఫ్ సీదా రాసిన. వాళ్లు వద్దంటె ఇప్పుడే అంటరు. లగ్గమైనంక తెలిస్తె నిన్ను జీవితమంత పొడుస్తరు. నాయనకు చెప్పకు, నా మీదికి లేస్తడు.

ఏమన్నరో జల్దీ రాయి. నాకు నిద్ర పడ్తలేదు.
నాగేశ్వరి


గుమ్మడిదల,
20 మే 1988.

అక్కా,

పెళ్లిలో నీతో ఒంటరిగా మాట్లాడడానికి కుదరలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. మా అత్త ఎందుకు అంత మర్యాద చేసిందో నీకు అర్థం కాలేదు కదా? నీ కార్డు పోస్టుమాన్ చదివి వినిపించాడట. ‘స్టాఫ్, ఆఫీసుల’ అని నువ్వు రాసింది ఆయన నోట్లో ‘స్టాఫ్ ఆఫీసర్’ అయింది. నర్సు కాకపోతే పోయె, ఆఫీసర్ కోడలు దొరికిందని ఊరంతా చెప్పుకుంది.

ఇప్పుడు ఇంట్లో అందరూ చాప మీద కూర్చుంటే నాకు కుర్చీ వేస్తుంది. దిగి కింద కూర్చుంటే కోప్పడుతుంది. తన తమ్ముని కొడుకుకు కొలువు ఇప్పించమంటుంది. నా చేతిలో ఏమీ లేదంటే నమ్మదు. “ఆఫీసర్లందరు గట్లనే అంటరు” అంటుంది. మా ఆయన పక్కనే కూర్చొని అన్నం తింటూ నవ్వుతాడు. మెల్లగా చెప్తానన్న మనిషి ఇంకా ఏమీ చెప్పలేదు.

పొద్దున ఇద్దరం కలిసి రోడ్డు దాకా నడుస్తాం. నేను స్టాఫ్ బస్సెక్కుతాను, ఆయన సైకిలెక్కుతాడు. బస్సులో జాగా ఉన్నా ఆయన ఎక్కకూడదు. దారిలో దాటిపోతుంటే నేను కిటికీలోంచి చూడను, ఆయన చెయ్యి ఊపడు. ఇట్లా అని మేం అనుకున్నది కాదు, అలవాటైపోయింది.

బావ నడుం ఎట్లా ఉంది? సూది సంగతి నాకు ఇప్పటికీ తెలియదు.
కౌసల్య


బెల్లంపల్లి,
11 ఆగస్టు 1991.

కౌసల్యా,

మన అవ్వ రాయించిన కార్డు అందింది. మీ కంపెనీల సమ్మె నడుస్తుందంట, వర్కర్లందరు గేటు బయట టెంటు ఏసుకొని కూసున్నరంట, నువ్వు లోపల కుర్చీల కూసున్నవంట. గది సరే. అంజయ్య పేరు నువ్వే కొట్టేసినవంట గదా? కట్టుకున్నోని పేరు నౌకరిలకెల్లి కొట్టేసెతందుకు నీకు చేతులెట్ల వచ్చినయే? అంత పెద్ద ఆఫీసర్‌వా? మీ బావ కూడ యూనియన్ మనిషే. గిది విని అన్నం తినకుంటనే లేసిపోయిండు.

అంజయ్య నిన్ను ఇంట్లకెల్లి ఎల్లగొట్టిండా, ఉండనిచ్చిండా? నిజం రాయి. లేకుంటె నేనే వస్త.
నాగేశ్వరి


గుమ్మడిదల,
20 ఆగస్టు 1991.

అక్కా,

నేను పేరు కొట్టేయలేదు. పేరు కొట్టాను. టైపు మిషన్ మీద. అవ్వకు చెప్పినవాళ్లకు ఆ రెండింటికీ తేడా తెలియలేదు.

జరిగింది రాస్తాను. వర్కర్లు అడిగింది పర్మనెంట్ చేయమని, ముక్కులకు మంచి మాస్కులు ఇవ్వమని. కంపెనీ వినలేదు, సమ్మె చేశారు. నేనూ బయటికి వచ్చి కూర్చుంటానని యూనియన్ లీడర్ పోచయ్యను అడిగాను. “నువ్వు స్టాఫ్ తల్లీ. మీకు యూనియన్ లేదు. నువ్వు వస్తె మేనేజర్ పంపిన మనిషి అనుకుంటరు” అన్నాడు. సరేనని లోపలే ఉన్నాను. అక్కడేమో నేను వర్కర్ పెళ్లాన్నని తలుపు మూసి మాట్లాడుకున్నారు.

ఒకరోజు మేనేజర్ పిలిచి సస్పెన్షన్ ఆర్డర్లు కొట్టమన్నారు. పేర్లు చెబుతూ పోతున్నారు. మధ్యలో నా వేళ్లు ఆగిపోయాయి.

“ఏమ్మా ఆగావు?”

“మా ఆయన పేరు సార్.”

“అయితే స్పెల్లింగ్ తెలుసు కదా, కొట్టు.”

కొట్టాను అక్కా. లేచి రావచ్చు. వస్తే ఇద్దరికీ జీతం లేదు, పొలంలో బోరు ఎండిపోయి ఉంది. అదంతా అప్పుడు ఆలోచించానని చెప్పను. వేళ్లు వాటంతటవే పోయాయి.

సాయంత్రం ఇంటికి వస్తే ఆ కాగితం మా ఆయన చేతిలో ఉంది. మా అత్త పక్కన కూర్చొని, “ఎవ్వడు రాసిండు బిడ్డా గిది, వాని చెయ్యి పడిపోను” అని శపిస్తోంది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకొని నాతో అన్నాడు: “ఇంగ్లీషుల నా పేరు గింత మంచిగ ఎప్పుడు సూడలే. ఒక్క తప్పు లేదు.” ఆ మాట నవ్వుతూ అన్నాడో, నన్ను కోసెయ్యాలని అన్నాడో ఇప్పటికీ తెలియదు. మూడోనాడు టెంటు దగ్గర ఎవరో అడిగితే “మా ఆమెనే కొట్టింది” అన్నాడట. అదే మన ఊరు చేరింది.

ఇంట్లోనే ఉన్నాను. ఎవరూ వెళ్లగొట్టలేదు. కుర్చీ మాత్రం వేయడం లేదు.
కౌసల్య


బెల్లంపల్లి,
15 అక్టోబర్ 1991.

చెల్లె,

సమ్మె సల్లవడ్డదని, అంజయ్యను మల్ల తీసుకున్నరని, పర్మనెంట్ చేసిండ్రని తెలిసి మీ బావ కల్లు తాగి పాటలు పాడిండు. నాకు మాత్రం నిన్ను గట్ల తిట్టినందుకు మనసు మంచిగ లేదు. జాబు పోస్టు డబ్బాల పడినంక ఎనుకకు తీసుకోరాదు గద.

వర్కర్లకు జీతం పెరిగిందంటున్నవు. మరి మీ స్టాఫ్‌కు ఏం పెరిగింది? మిఠాయి డబ్బా ఇచ్చిండ్రని రాసినవు, గది నిజమేనా లేక నవ్వులాటకా?
నాగేశ్వరి


గుమ్మడిదల,
3 ఏప్రిల్ 1997.

అక్కా,

మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. వాటితో పాటు నాకొక కొత్త పేరూ వచ్చింది. ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి, “ఇకపై ఇక్కడ టైపిస్టులు, క్లర్కులు ఉండరు. మీరందరూ ఎగ్జిక్యూటివ్‌లు” అని చప్పట్లు కొట్టించారు. మెడలో కార్డు వేశారు. పని అదే, కుర్చీ అదే. పొద్దుపోయే దాకా ఉంటే ఇదివరకు ఓవర్‌టైం ఇచ్చేవారు. ఎగ్జిక్యూటివ్‌లకు అది ఉండదట, అడగడం మర్యాద కాదట.

ఈ మాటకు అర్థం చెప్పమని మా అత్త పక్కింటి కాలేజీ పిల్లను పిలిపించింది. ఆ పిల్ల డిక్షనరీ తీసి, ఎగ్జిక్యూట్ అంటే ఉరి తీయడం అని చదివింది. మా అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ తర్వాత జనం రావడం మొదలైంది. కొలువు కావాలని ఒకరు, కంపెనీ మురికి నీళ్లు వదిలి మడి చెడగొట్టింది, ఆపించమని ఒకరు. నీళ్ల సంగతి మేనేజర్‌కు చెప్పాను. “నువ్వు ఎగ్జిక్యూటివ్‌వి, కంపెనీ పక్షాన మాట్లాడాలి” అన్నారు.

ఇంట్లో మా ఆయన నా కార్డు మెడలో వేసుకొని అద్దంలో చూసుకున్నాడు. “నాకు బరువైతుంది” అని తీసి ఇచ్చాడు.
కౌసల్య


గుమ్మడిదల,
9 జులై 1999.

అక్కా,

ఫోన్‌లో ఏడుపు వచ్చి మాట్లాడలేకపోయాను. నన్ను తీసేశారు. నాతో పాటు పాత ఎగ్జిక్యూటివ్‌లు అందరినీ. కారణం రాయలేదు. ‘మీ సేవలు ఇక అవసరం లేదు’ అన్న ఒక్క ముక్క. అలాంటివి ఎన్ని కొట్టానో, ఎక్కడ ఖాళీ వదలాలో కూడా నాకు తెలుసు.

వర్కర్లను ఇట్లా తీయలేరు, యూనియన్ ఉంది, చట్టం ఉంది. సంగారెడ్డిలో లేబర్ ఆఫీసుకు మా ఆయన, నేను పోయాం. అక్కడి సారు నెమ్మదస్తుడు.

“మీ కింద ఎందరు పనిచేస్తరమ్మా?”

“ఎవ్వరు లేరు సార్.”

“మీ పైన?”

“అందరు.”

సారు నా కార్డు తిప్పి చూశాడు. “మరి గీ పేరు ఎందుకు పెట్టుకున్నరు?” “నేను పెట్టుకోలేదు సార్, పెట్టిండ్రు.” అప్పుడు వివరంగా చెప్పాడు. ఎగ్జిక్యూటివ్ అంటే మేనేజ్‌మెంట్ మనిషి, మీరు వర్కరే కాదని కంపెనీ వాదిస్తుంది. కార్డు మీద ఏముందన్నది కాదు, మీరు చేసిన పనేమిటో కోర్టులో రుజువు చేసుకోవాలి అన్నాడు.

అంటే ఇప్పుడు నేను వర్కర్‌నని నేనే నిరూపించుకోవాలి. యూనియన్ మొదట ఒప్పుకోలేదు. “స్టాఫ్ కేసు మనకెందుకు?” అన్నారట. మా ఆయన మీటింగులో లేచి, “ఆమె మీ అందరి పేర్లు కొట్టింది, అందుల నా పేరు కూడ కొట్టింది. కొట్టనని అంటె ఆనాడే పోయేది. గది వర్కర్ కాకుంటె ఇంకేంది?” అని కూర్చున్నాడట. పోచయ్య వచ్చి వకీలును మాట్లాడతామన్నాడు.
కౌసల్య


బెల్లంపల్లి,
28 జులై 1999.

చెల్లె,

కేసు వద్దు. చెప్పుతున్న విను. గిన్నేండ్లు స్టాఫ్ అని, ఆఫీసర్ అని తల ఎత్తుకొని బతికినవు. ఇప్పుడు నలుగుట్ల నిలబడి నేను గంత పెద్దదాన్ని కాదు, కూలిదాన్నే అని చెప్పుకుంటవా? మీ అత్త ఏమనుకుంటది? ఎంకమ్మకు నేనేం చెప్పాలె? మీ బావ మాత్రం కేసు ఎయ్యమంటుండు. మగోళ్లకు కోర్టులంటె షోకు.

మన మర్యాద మనకు ఉండాలె. ఇంట్ల కూసో, అంజయ్య జీతం ఉంది గద.
నాగేశ్వరి


గుమ్మడిదల,
17 సెప్టెంబర్ 2002.

అక్కా,

నువ్వు వద్దన్న కేసు చివరికొచ్చింది. నిన్న హైదరాబాద్‌లో లేబర్ కోర్టులో నన్ను బోనెక్కించారు. నీకు కోపం పోయిందో లేదో గానీ ఇది మాత్రం చదువు.

ముందు కంపెనీ వకీలు లేచాడు. అక్కా, పుట్టి బుద్ధెరిగాక నన్ను ఎవరూ అంత పొగడలేదు. నేను లేకుంటే ఆఫీసే నడిచేది కాదట. రహస్య కాగితాలన్నీ నా చేతుల మీదుగా పోయేవట. తెలివైనదాన్నట, సొంతంగా నిర్ణయాలు తీసుకునేదాన్నట. వింటుంటే నిజమేనేమో అనిపించి వీపు నిటారుగా పెట్టుకున్నాను.

తర్వాత మా వకీలు సత్తిబాబు గారు. ఈమెకు ఎవరికీ సెలవు ఇచ్చే అధికారం లేదు, ఎవరినీ మందలించే అధికారం లేదు, ఒక్క వాక్యం సొంతంగా రాసింది లేదు, చెప్పింది కొట్టడం తప్ప ఈమెకు ఏమీ రాదు అన్నారు. నా పక్షాన మాట్లాడుతున్న మనిషి! తల దించుకొని విన్నాను.

మళ్లీ కంపెనీ వకీలు నా దిక్కు తిరిగాడు. “1991లో సస్పెన్షన్ ఆర్డర్లు తయారు చేసింది మీరే కదా? అది మేనేజ్‌మెంట్ పని కాదా?”

“కొట్టింది నేనే సార్” అన్నాను. “అందుల మా ఆయన పేరుండె.”

జడ్జిగారు రాయడం ఆపి తల ఎత్తారు. “మీ భర్త పేరా?”

“అవును సార్. ఆగిన. స్పెల్లింగ్ తెలుసు కదా, కొట్టు అన్నరు. నా చేతుల అధికారముంటె గా పేరు కొడుదునా సార్?”

కంపెనీ వకీలు ఇంకేదో అడగబోయి కూర్చున్నాడు. వెనక బెంచీలో మా ఆయన ఉన్నాడు, ఆ పూటకు సెలవు పెట్టి వచ్చాడు. బయటికి వచ్చి ఇద్దరం బస్టాండుకు నడిచాం. బస్టాండులో చాయ్ తాగుతూ, “గిన్నేండ్లు నువ్వు గా దినం ఆగినవని నాకు తెల్వదు. నువ్వు చెప్పలే” అన్నాడు. నిజమే. నీకు రాశాను గానీ ఆయనకు చెప్పలేదు.
కౌసల్య


బెల్లంపల్లి,
1 అక్టోబర్ 2002.

చెల్లె,

నీ జాబు మీ బావ గట్టిగ సదివిండు, ఎంకమ్మ కూడ విన్నది. గెలిస్తె రాయి. ఓడితె కూడ రాయి. నేను ఏమనను.
నాగేశ్వరి


గుమ్మడిదల,
6 జూన్ 2003.

అక్కా,

గెలిచాను. నా కార్డు మీద ఏమున్నా నేను చేసింది వర్కర్ పనేనని జడ్జిగారు రాశారు. తిరిగి పనిలోకి తీసుకోమన్నారు. కాగితం చదివి వినిపిస్తే మా అత్త “గిది పైకి పోవుడా, కిందికి వచ్చుడా?” అంది.

ఇవాళ కంపెనీకి పోయాను. ఏమీ గుర్తుపట్టలేకపోయాను. మొత్తం అద్దాలు. ఎవరో కొత్త అబ్బాయి, మెడలో టై, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టుకొని నా వివరాలు ఎక్కించాడు. అంతా అయ్యాక కాగితం తీసి సంతకం పెట్టమన్నాడు. నా పేరు పక్కన ‘అసోసియేట్’ అని ఉంది.

“ఇదేంది బాబూ?” అన్నాను.

“ఇప్పుడు మా దగ్గర వర్కర్లు, స్టాఫ్ అని తేడా లేదు మేడమ్. పైనుంచి కింది దాకా అందరూ అసోసియేట్లే. మనమంతా ఒక ఫ్యామిలీ” అన్నాడు. మంచి పిల్లవాడు, నమ్మి చెబుతున్నాడు.

“నాకు వర్కర్ అని రాయి.”

“ఆ మాట ఇప్పుడెవరూ వాడరు మేడమ్. బాగుండదు.”

“బాగుండకున్నా పర్లేదు. నాలుగేండ్లు కోర్టు చుట్టూ తిరిగి తెచ్చుకున్న. రాయి.”

కంప్యూటర్‌లో వెతికాడు. హోదా ఎంచుకునే చోట చాలా మాటలు ఉన్నాయి, అది లేదు. సొంతంగా కొడితే తీసుకోవడం లేదు. సంతకం పెట్టకుండా కూర్చున్నాను. లేచి లోపలికి పోయాడు, ఎవరితోనో మాట్లాడాడు, తిరిగి వచ్చాడు. చివరికి జేబులోంచి పెన్ను తీసి, అచ్చులో ఉన్న మాట మీద గీత గీసి, పక్కన చేత్తో వర్కర్ అని రాశాడు. దాని కింద సంతకం పెట్టాను.

తర్వాత ఒక గదిలో కూర్చోబెట్టారు. సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. వర్కర్ అయితే అయ్యాను గానీ వర్క్ ఇంకా ఇవ్వలేదు. రేపు చూస్తామన్నారు. నేనూ రేపు చూస్తాను.

నీ చెల్లె,
కౌసల్య